దొరసాని పెట్టె మోగిన సంతరోజు

మా ఆయనకి అరకు కొండల మీద మిషన్ బడిలో మేస్టరు పని దొరికినప్పుడు, మూటాముల్లెతోపాటు నన్నూ ఘాటీ ఎక్కించాడు. అప్పటికింకా ఆ కొండలకి రైలు లేదు. శృంగవరపుకోట దాకా ఎడ్లబండి, అక్కణ్ణించి కాలినడక. నేను భీమిలిలో సముద్రపు గాలి పీల్చి పెరిగినదాన్ని. దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూనే ఎక్కాను. మన్యంలో గొడవలు అప్పుడప్పుడే సద్దుమణిగాయి. పోలీసులు దిగిపోయారు గానీ జ్వరాలు మాత్రం దిగలేదు. "దేవుడి పని" అన్నాడాయన. "ఆ పనేదో పల్లంలో దొరకలేదా?" అన్నాను. ఆయన వినిపించుకోకుండా కీర్తన అందుకుని ముందు నడిచాడు.

మేం వెళ్లిన మరుసటి చలికాలంలో, మిషన్ బంగళాలో ఉండే మా దొర భార్య, దొరసాని పెట్టె వచ్చింది. పెట్టె అని కొండవాళ్లు అనేవారు. దాని పేరు పియానో అని మా ఆయన అందరికీ చెప్పి చూశాడు గానీ, అంత పెద్దదాన్ని పెట్టె అనక ఏమంటారు? చుట్టుపక్కల గూడేల మగవాళ్లే దాన్ని కిందనుంచి మోసుకొచ్చారు. పొడుగాటి వెదుళ్లు కట్టి, భుజాలు మార్చుకుంటూ, అడుగడుక్కీ కేకలేసుకుంటూ తెచ్చారు. మలుపుల దగ్గర దించినప్పుడల్లా లోపల తీగలు వాటంతటవే ఝుమ్మనేవట. దాంతో లోపల ఎవరో ఉన్నారని వాళ్లకి నమ్మకం కుదిరింది. బంగళా మెట్ల దగ్గరికి రాగానే, ఆ ఉన్నవాళ్లకి కోపం రాకుండా ఒక కోడిపిల్లని కోసి నాలుగు చుక్కలు పెట్టె కాళ్ల దగ్గర చిలకరించారు. అలాంటి మొక్కులు వద్దని ప్రతి ఆదివారం ప్రసంగం చేసే మా దొర, ఆ కాసేపూ పెరట్లో పనసచెట్టు మీద పిట్టల్ని చూస్తూ నిలబడ్డాడు. పెట్టె చెక్కు చెదరకుండా వచ్చింది కదా, ఇప్పుడెందుకు పేచీ అనుకున్నాడు కాబోలు.

దొరసానికి అప్పటికి ముప్పయ్యేళ్లు కూడా ఉండవు. ఆవిడకి తెలుగు నేర్పే పని నా మీద పడింది. పుస్తకంలో ఉన్నది బైబిలు తెలుగు, నా నోట్లో ఉన్నది భీమిలి తెలుగు, ఆవిడ చెవిన రోజూ పడేది కొండ తెలుగు. మూడూ కలిసి ఆవిడ నోట పడేసరికి, "ఓ స్త్రీ, బేగి రమ్ము" అని నన్ను పిలిచేది. నేను నవ్వితే ఆవిడా నవ్వేది. పొద్దున్నపూట బంగళా వసారాలో కూర్చుని కురుపులకి మందు రాసేది, జ్వరాలకి క్వినైను ఇచ్చేది. వసారా నిండా జనం. ఆవిడ కూతురు, నాలుగేళ్ల పిల్ల, ఆ జనం మధ్య తిరుగుతూ ఎవరి బుట్టలో ఏముందో తొంగి చూసేది, ఎవరి చంకలో బిడ్డనైనా తనకిచ్చెయ్యమనేది.

సాయంత్రం పియానో. నా పని పక్కన నిలబడి కాగితం తిప్పడం. ఆ చుక్కలూ గీతలూ నాకు ఒక్కటీ తెలియవు. ఆవిడ గడ్డం కొంచెం పైకెత్తితే తిప్పాలి, అంతే. మొదట్లో నాకా వాద్యం నచ్చలేదు. బియ్యం డబ్బాలో ఎలకలు పరిగెత్తినట్టున్న ఈ చప్పుడు కోసమా అంతమంది భుజాలు కాయలు కాచింది అనిపించేది. ఆవిడ ఓపిగ్గా చెప్పేది. పోయిన శతాబ్దంలో వాళ్ల దేశాల్లో కొందరు, గుడి కోసమో రాజు కోసమో కాకుండా, తమ గుండెలో ఉన్నదాని కోసమే పాట కట్టడం మొదలుపెట్టారట. దాన్ని రొమాంటిక్ సంగీతం అంటారట. కాగితం మీద చుక్కలన్నీ ఉంటాయి గానీ ఎక్కడ నిదానించాలి, ఎక్కడ ఒత్తాలి, ఎక్కడ ఊపిరి బిగబట్టాలి అన్నది చాలామటుకు వాయించేవాళ్లకే వదిలేశారట. ఈ సంగతి ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఒప్పుకోలేదు. ఆయన గుడిలో హార్మోనియం వాయిస్తాడు. తాళం తప్పితే పాట తప్పినట్టే ఆయన లెక్కలో.

ఆ పాటల్లో ఒకటి పిల్లకి ప్రాణం. అందులో ఎడమచేయి అడుగున ఒకటే మోతని మొదటినుంచి చివరిదాకా విడవకుండా కొడుతూ ఉంటుంది. కుడిచేయి పైన తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. దొరసాని దాన్ని హుషారుగా వాయించేది. పిల్ల గౌను చివర్లు పట్టుకుని గిరగిరా తిరిగి, కళ్లు తిరిగి నా ఒళ్లో పడేది. నాకూ ఆ పాటతోనే ఆ పెట్టె మీద ఇష్టం మొదలైంది.

ఆ పిల్ల వానాకాలంలో జ్వరంతో పోయింది.

మన్యం జ్వరం వచ్చినా, పోయినా చెప్పి చెయ్యదు. క్వినైను ఊరందరికీ పంచిన చేతుల్లోనే పోయింది. బంగళా వెనక పనసచెట్టు కింద పెట్టారు. దొర, దొరసాని, నేను, మా ఆయన, అంతే ఉన్నాం. వాన కుండపోత. మా ఆయన కీర్తన ఎత్తుకుంటే ఆయన గొంతు పక్కనున్న నాకే వినపడలేదు. తర్వాత దొర ప్రార్థన కూడా పెదవులు కదలడమే చూశాను.

ఆ మర్నాటినుంచి వసారాకి ఒక్కరూ రాలేదు. వాన వల్లనేమో అనుకున్నాం. వానలు వెలిసిపోయాయి. వలిసె పూలు పూసి కొండలన్నీ పసుపుపచ్చగా అయ్యాయి. అయినా రాలేదు. బంగళా ముందున్న దారి వదిలేసి, కింద వాగు, గెడ్డ అంటారు, దాని వారన ముళ్లలోంచి చుట్టుతిరిగి సంతకి పోవడం మొదలుపెట్టారు. ఎప్పుడైనా ఎదురుపడితే తలొంచుకుని పక్కకి తప్పుకునేవారు. దొరసాని రోజూ పొద్దున్నే మందుల బల్ల సర్ది, మధ్యాహ్నం దాకా కూర్చుని, మళ్లీ అవన్నీ లోపల పెట్టేది. పియానో మూత దించి తాళం వేసింది. దాని మీద ఒక దుప్పటి కప్పింది.

నాకు కోపం ఆగలేదు. సంతలో విస్తళ్లు కుట్టే అడ్డాకులూ పసుపూ అమ్మే ముసలమ్మ ఒకతె ఉండేది. ఆవిడ కాలి పుండు దొరసాని చేతుల మీదే మానింది. ఒకనాడు ఆవిడ గంప ముందు నిలబడి అడిగేశాను. "మందు కావలసినప్పుడు రోజూ వచ్చారే! ఆవిడ కడుపు కాలి కూర్చుంటే ఒక్కరైనా వచ్చి పలకరించారా? మనుషులా మీరు?"

ముసలమ్మ నా మొహం చూడలేదు. "మావు రాకూడదమ్మా" అంది. "ఇంకా నేదు కదా" అని గొణిగి అడ్డాకుల కట్ట అటుతిప్పి ఇటుతిప్పి సర్దుకుంది. ఎంత పొగరో అనుకుని పసుపు కొనకుండానే వచ్చేశాను.

అలా ఇంకో వానాకాలం కూడా గడిచింది. ఒకరోజు దొరసాని నాతో చాలా నిదానంగా, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ చెప్పింది. "ఈ కొండలలో నా బిడ్డను పెట్టితిని. ఈ జనులకు నేను అక్కరలేదు. నా బిడ్డ కూడ అక్కరలేదు. నేను వెళ్లిపోవుదును." బైబిలు తెలుగే, కానీ ఆ రోజు నాకు నవ్వు రాలేదు. దొర పైవాళ్లకి చెప్పి వేరేచోటికి మార్పించుకున్నాడు. పల్లంనుంచి పెద్దదొరా పెద్దదొరసానీ వచ్చి అన్నీ చూసుకుని వీళ్లని కిందికి తీసుకుపోవాలని ఏర్పాటు. ఆవిడ వెళ్లిపోతే ఆ కొండ మీద నాకు మనసు విప్పి మాట్లాడుకునే మనిషి ఉండదు. అయినా, ఉండమని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఎవరికోసం ఉండమని చెప్పను?

మర్నాడు ప్రయాణం అనగా ఆ రోజు సంత. పెట్టె మోసే మనుషుల్ని సంతలోనే మాట్లాడుకుని తెల్లారగానే రమ్మంటే, గడప ఎక్కం, దారి మీదకి తెచ్చిస్తే మోస్తామన్నారు వాళ్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బంగళా హాల్లో కూర్చున్నాం. చలికాలపు ఎండ లోపలికి రావాలని తలుపులు బార్లా తీసి పెట్టారు. వదిలిపోయే బల్లలూ లాంతర్లూ చూసుకుపోదామని సంతలో ఉప్పూ కిరసనాయిలూ అమ్మే సావుకారు కూడా వచ్చాడు. శృంగవరపుకోట దగ్గర మనిషి, బేరాల మాటకారి. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు.

పెద్దదొరసాని పియానో మీద దుప్పటి తీయించింది. ఆవిడకీ వాయించడం వచ్చు. పల్లంలో దానికి కొత్త చోటు చూడాలి కదా, మీటలన్నీ పలుకుతున్నాయో లేదో చూస్తానంది. పాటల కాగితాల్లో చేతికందింది తీసి ముందు పెట్టుకుంది. అది పిల్ల పాటే. నేను దొరసాని వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

పెద్దదొరసాని బాగానే వాయించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఒక్క మీట తప్పలేదు, ఒక్కచోట ఆగలేదు. ఎడమచేయి టకటకా నడిచింది, కుడిచేయి గలగలా పారింది. మా ఆయన ఆనందం అంతా ఇంతా కాదు. మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తూ, "చూశావుటే, ఒక్క అక్షరం జారలేదు" అన్నాడు. "పెళ్లివారు దిగినట్టుందండీ" అన్నాడు సావుకారు. అందరూ నవ్వారు. నాకు మటుకు ఆ పిల్ల గౌను అంచులే కళ్లముందు తిరిగి, నవ్వు రాలేదు.

పెద్దదొరసాని లేచి, మర్యాదకి, "నువ్వు కూడా ఒకసారి వాయించు, చివరిసారి" అంది దొరసానితో. వద్దంటుందనుకున్నాం. దొర కూడా వద్దన్నట్టు చెయ్యెత్తాడు. దొరసాని వచ్చి కూర్చుంది. నేను అలవాటు కొద్దీ పక్కకెళ్లి నిలబడ్డాను. ఆవిడ వేరే పాట తీస్తుందని చూస్తున్నాను. ఆవిడ ఆ పాటనే ముందుంచుకుంది.

ఎడమచేతితో ఆ అడుగు మోత ఒక్కటీ మొదలుపెట్టింది. ఎంత నిదానంగా అంటే, ఒకటి కొట్టాక రెండోది ఇక రాదేమో అనుకునేంత నిదానంగా. వచ్చింది. మళ్లీ ఒకటి. ఆ మోత నేల మీదుగా నా కాళ్లలోకి ఎక్కుతున్నట్టు తెలిసింది. చాలాసేపటికి గానీ కుడిచేయి కదల్లేదు. కదిలినప్పుడు, ఇందాక గలగలా పారినవి ఆ స్వరాలే అని నేను గుర్తుపట్టలేకపోయాను. ఒక్కొక్కదాన్నీ పలికించి, వదలడానికి మనసొప్పనట్టు, వేలు మీట మీదే ఉంచి, అది పూర్తిగా చచ్చిపోయే దాకా విని, అప్పుడు ఇంకోదాని దగ్గరికి వెళ్తోంది. కాగితం మీద చుక్కలు అవే. నేను ఎన్నో వందలసార్లు తిప్పిన కాగితాలే. వాటి వెనక ఇంత ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భయం వేసింది, గుడిలో కూడా ఎప్పుడూ వెయ్యనంత భయం. ఆ భయంలోనే పట్టరాని సంతోషం కూడా ఉంది. ఇలాంటిది ఒకటి లోకంలో ఉంది, అది జరుగుతున్నచోట నేను నిలబడి ఉన్నాను అని.

హాల్లో మిగతావాళ్లు ఒక్కొక్కరూ ఒక్కొక్క రకం. పెద్దదొరసాని వాళ్లాయన చెవిలో ఏదో అంది. మా ఆయన నా వెనక్కి వచ్చి గుసగుసగా తెలుగు చేశాడు. "రాసినదానిలో సగం వేగం కూడా లేదట. పాటని పాడు చేస్తోందట. మనసు బాగాలేదు పాపం అంటోంది." మీరేమంటారు అన్నట్టు చూశాను. ఆయన మోకాలి మీద వేళ్లు ఎక్కడో మధ్యలో ఆగిపోయి ఉన్నాయి. "నాకు తాళం దొరకడం లేదే. అయినా తప్పుతున్నట్టు లేదు" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా. సావుకారు స్టూలు మీంచి లేచి గుమ్మం అవతల నిలబడ్డాడు. "ఏం పాటమ్మా ఇది? ఇంటికి పోవాలనిపిస్తోంది. ఇప్పటి ఇంటికి కాదు, మా అమ్మ బతికున్నప్పటి ఇంటికి" అని నాతో అని, పైకండువాతో మొహం తుడుచుకున్నాడు. నోరు తెరిస్తే బేరమే తప్ప ఇంకో మాట రాని మనిషి.

దొర మాత్రం తట్టుకోలేకపోయాడు. పెళ్లికి ముందునుంచీ ఆవిడ వాయించగా విన్నవాడు కదా, ఇది ఏమిటో అందరికంటే ఆయనకే ముందు తెలిసినట్టుంది. మొహం పాలిపోయింది. సంతజనం వినకూడదనుకున్నాడో ఏమో, లేచి తలుపులు మూయబోయాడు. నేను కాగితం వదిలేసి వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. దొరకి ఎదురు నిలబడే ధైర్యం నాకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేను. "ముయ్యకండి" అన్నాను. ఆయన నన్ను చూసి, మళ్లీ ఆవిడని చూసి, తలుపు వదిలేశాడు.

అలా గుమ్మంలో నిలబడ్డాను గనుకే నాకు ముందు తెలిసింది. కింద సంత చప్పుడు ఆగిపోయింది. సంత అంటే కోళ్ల అరుపులు, బేరాలు, కల్లు తాగినవాళ్ల పాటలు. అవేవీ లేవు. కాసేపటికి దూరంగా ఒక తుడుము, కొండవాళ్ల డప్పు, మోగింది. ఒక దెబ్బ. ఆగింది. ఇంకో దెబ్బ. దొరసాని ఎడమచేతి మోత ఎప్పుడు పడుతోందో అదీ అప్పుడే పడుతోంది. ఆవిడ భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. విన్నది. ఆపలేదు.

వాళ్లు బంగళా దారినే వచ్చారు. ఇన్నాళ్లూ వదిలేసిన దారి. ముందు తుడుము కొట్టే పెద్దాయన, వెనక ఆడవాళ్లు, మగవాళ్లు, చంకల్లో పిల్లలు. ఒక్కొక్కళ్ల చేతిలో ఒక అడ్డాకు దొన్నె, అందులో గుప్పెడు సామబియ్యమో చోళ్లో. మగవాళ్ల భుజాల మీద ఒక్కో కట్టెపుల్ల. అమ్ముకోవడానికి తెచ్చిన గంపలు అక్కడే వదిలేసి వచ్చారు. ముంగిట్లోకి వచ్చి కట్టెలు ఒకచోట పేర్చారు. గింజలు మెట్టు మీద కుప్పగా పోశారు. అందరూ నేల మీద కూర్చున్నారు. ఇంతమందిని ఆ బంగళా ముందు అంత నిశ్శబ్దంగా నేను ఎప్పుడూ చూడలేదు.

పాట అయిపోయింది. తుడుము ఇంకో రెండు దెబ్బలు మోగి ఆగింది. దొరసాని లేచి వసారాలోకి వచ్చి, వాళ్లనీ గింజల కుప్పనీ చూసి, ఏమీ అర్థంకాక నా చెయ్యి పట్టుకుంది.

అడ్డాకుల ముసలమ్మ లేచింది. "ఇన్నాళ్లకా మోగించినావు తల్లీ?" అంది. అది మందలింపే. "ఏడాది దాటిపోనాది. మీ పెట్టె ఎప్పుడు మోగుతాదా, ఎప్పుడొద్దామా అని సూత్తన్నాం."

"అప్పుడే ఎందుకు రాలేదు?" అన్నాను నేను.

"ఎలగొత్తామమ్మా? సావుమోత మోగకండా సావింటి గడప తొక్కకూడదు. తొక్కితే ఆ ఇంట్లో ఇంకోల్ని తీసుకుపొమ్మని సావుకి దారి సూపినట్టు. మోత కొట్టండని మావు సెప్పనూ కూడదు. ఈ తల్లీ, దొరా మిగిల్నారు కదా. ఆల్లు సల్లగుండాలని గెడ్డ వారన ముల్లల్లోంచి ఎల్లినాం. ఈల్ల పిల్లగుంట పోనాది, ఈల్లు మోత కొట్టరేటి, పిల్లని అలగే ఒగ్గీసినారేటి అని మాకూ బెంగే."

నేను ఆ మాటల్ని దొరసానికి ఒక్కొక్కటే చెప్పాను. ఏదీ విడిచిపెట్టకుండా చెప్పాను. వాళ్లు రాకపోవడం ఆవిడ మీద అయిష్టం వల్ల కాదు. ఆవిడ బతకాలని రాలేదు. ఆవిడ నా చెయ్యి నొక్కిన నొక్కుకి గాజు విరిగింది.

ఇదంతా పెద్దదొరసానికి మా ఆయన ఇంగ్లీషులో చెబుతున్నాడు. ఆవిడ ఏదో అడిగింది. మా ఆయన ముసలమ్మ వైపు తిరిగి, "ముందు ఈ అమ్మగారు వాయించినప్పుడు రాలేదేం?" అన్నాడు.

"అది పెల్లికి కదా బాబూ" అంది ముసలమ్మ, అంత మాత్రం తెలీదా అన్నట్టు. "సావింట్లో పెల్లిమోత ఏటని మావూ అనుకున్నాం. తరవాత తల్లి కొట్టినాది. అప్పుడు లేసినాం."

"రెండూ ఒకటే పాట" అన్నాడు మా ఆయన.

"ఏటి మేస్టరుబాబూ, పెల్లికీ సావుకీ తేడా తెల్దా నీకు?"

మా ఆయన ఆ మాట ఇంగ్లీషు చేశాడో లేదో నేను వినలేదు. పెద్దదొరసాని మాత్రం తర్వాత చాలాసేపు మూత తెరిచి ఉన్న ఆ పియానోని చూస్తూ నిలబడింది. ఆవిడ పాడైంది అన్న పాట అదే, జనాన్ని లేపి నడిపించిన పాటా అదే. ఒప్పుకుందో లేదో ఆవిడకే తెలియాలి.

ముసలమ్మ దొరసానికి దగ్గరగా వచ్చింది. "ఇప్పుడు గుంటని పేరెట్టి పిలవాల. పిలిసి ఒక్కోలం ఒక్కో మాట సెప్పుకోవాల. మీ పేర్లు మాకు నోరు తిరగవు. నువ్వే పిలు తల్లీ."

పిల్ల పోయినప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. దొర పనసచెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు. దొరసాని పిలిచింది. గట్టిగా, దూరంగా ఆడుకుంటున్న పిల్లని అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

అప్పుడు వాళ్లు ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. "నా మేకపిల్లని ఇచ్చీమన్నాది. నానివ్వనన్నాను. ఇచ్చీసుంటే బాగున్ను" అన్నాడొకాయన. "నా పసుపుగంపలో రెండు సేతులూ ముంచీసి మొగమంతా రాసీసుకున్నాది" అంది ముసలమ్మ. ఒక బాలింతరాలు లేచి, "నా పెద్దోడిని ఎత్తుకుంతానని ఎత్తుకుని ఆడితోపాటు పడిపోనాది. ఆడి నుదుట మచ్చ ఇదిగో" అని కొడుకు జుట్టు పక్కకి తీసి చూపించింది. దొరసాని వంగి ఆ మచ్చని వేలితో ముట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు. దొర వచ్చి పక్కన మెట్టు మీద ఆ గింజల పక్కనే కూర్చున్నాడు. నేను కూడా ఏడ్చాను, మొహం దాచుకోకుండా. మనుషులా మీరు అని నేను అడిగిన మనుషులు ముంగిలి నిండా కూర్చుని ఉన్నారు, ఆ పిల్ల చేసిన అల్లరి ఒక్కటి మర్చిపోకుండా.

పొద్దు వాలకముందే గూడేలకి పోవాలి గనుక లేచి వెళ్లారు. పోయేటప్పుడు కూడా బంగళా దారినే పోయారు.

మర్నాడు పొద్దున్నే పెట్టె మోసేవాళ్లు వెదుళ్లు తీసుకుని వచ్చారు. అయితే ముంగిట్లోనే కూర్చున్నారు. మంచు విడిచి ఎండెక్కినా లేవలేదు. పెద్దదొరకి ఆలస్యం అవుతోందని కోపం. దొర వెళ్లి ఏమిటని అడిగాడు. వాళ్లలో పెద్దవాడు చేతులు కట్టుకుని చెప్పాడు. "ఎత్తం దొరా. సావుకి మోగినదాన్ని ఆ ఇంటినుంచి కదపకూడదు. ఇంక సాలు, ఎత్తండర్రా అని తల్లి సెప్పాల. అప్పుడే ఎత్తుతాం."

దొర వెనక్కి తిరిగి చూశాడు. దొరసాని గుమ్మంలో నిలబడి ఉంది. ప్రయాణానికి టోపీ కూడా పెట్టుకుంది. ఒక్క మాట అంటే చాలు, ఘాటీ దిగిపోవచ్చు. అందరం ఆవిడ నోటివైపే చూస్తున్నాం. ఆవిడ టోపీ తీసి నా చేతికిచ్చింది. మోసేవాళ్ల వైపు చూసింది.

"ఇంకా నేదు" అంది.

పుస్తకంలో ఉన్న మాట కాదు, నేను నేర్పిన మాటా కాదు. ఎక్కడ నేర్చుకుందో అప్పుడు నాకు అడగాలని కూడా తోచలేదు. ఆ మధ్యాహ్నం పెద్దవాళ్లిద్దరూ వాళ్లదారిన కిందికి వెళ్లారు. దొరసాని మందుల బల్ల మళ్లీ వసారాలోకి ఈడ్పించింది. ఎవరొస్తారులే అనుకుంటూనే సాయం పట్టాను. బల్ల సర్దడం అవకముందే, ముసలమ్మ ఇంకో కాలికి లేచిన కురుపు చూపించుకోవడానికి వచ్చి కూర్చుంది.

మేం ఆ కొండ మీద ఉన్నన్నాళ్లూ, ప్రతి ఏడాదీ వలిసె పూలు పూసేవేళకి ఒక సంతరోజు ఆవిడ తలుపులు తెరిపించి ఆ పాట వాయించేది, నిదానంగా. నేను కాగితం తిప్పేదాన్ని. మా ఆయన తాళం వెయ్యకుండా చేతులు కట్టుకుని వినేవాడు. మర్నాడు పొద్దున్నే మోసేవాళ్లు వెదుళ్లు భుజాన వేసుకుని బంగళా దారినే పోతూ, ముంగిట్లో ఒక్క క్షణం ఆగి కేకేసేవారు. "ఎత్తమంతావేటి తల్లీ?"

దొరసాని ఎవరి కాలికో కట్టు కడుతూ తలెత్తకుండానే జవాబు చెప్పేది.

"ఇంకా నేదర్రా!"